ఇసామియా బజార్ బడి నుంచి ఫిజిక్స్ ల్యాబ్ దాకా: భాగ్యరెడ్డి వర్మ వేసిన మెట్లు

ప్రతి ఏడాదీ మే 22న భాగ్యరెడ్డి వర్మ జయంతి జరుపుకుంటాం. చిత్రపటానికి పూలమాల వేస్తాం. జోగిని దురాచారం మీద ఆయన చేసిన పోరాటం, 1917 బెజవాడ సభ, 1930 లక్నో సభ, 1931 జనాభా లెక్కల్లో సాధించిన ఆది హిందూ గుర్తింపు గురించి వక్తలు మాట్లాడతారు. ఆయన పెట్టిన బడుల ప్రస్తావన కూడా వస్తుంది కానీ, ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగాలనుకున్నాం. ఇవాళ హైదరాబాద్‌లో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్న మొదటి తరం దళిత విద్యార్థికి ఏ అండ కావాలి, అది ఎక్కడ తెగిపోతోంది అన్న ప్రశ్నకు ఆయన జీవితంలో చాలా దగ్గరి జవాబులు ఉన్నాయి.

భాగ్యరెడ్డి వర్మ శాస్త్రవేత్త కాదు. ఆయన నడిపినవి వాడల్లోని పిల్లల బడులు. మరి ఫిజిక్స్‌తో ముడి ఎందుకు పెడుతున్నాం? ఈ సబ్జెక్టు ఒక మెట్ల వరుస. స్కూల్లో లెక్కలు గట్టిగా రాకపోతే ఇంటర్‌లో ఎంపీసీ నిలబడదు. ఎంపీసీ నిలబడకపోతే డిగ్రీలో ఫిజిక్స్ లేదు. డిగ్రీలో ఇంగ్లిష్, ల్యాబ్, ప్రవేశ పరీక్షల సమాచారం, లెక్చరర్ ఇచ్చే సిఫారసు లేఖ, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి అందకపోయినా ఎమ్మెస్సీ తలుపు దగ్గరే ఆగిపోతాం. మధ్యలో ఒక మెట్టు లేకపోతే పైమెట్లు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. అట్టడుగు మెట్టు ఎవరు వేశారు, ఎలా వేశారు అన్నది అందుకే తెలుసుకోవాలి.

టెలిస్కోపు వచ్చిన నగరం

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో, మాదరి వెంకయ్య, రంగమాంబలకు ఆయన పుట్టాడు. పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబానికి గురువైన ఒక శైవుడు పిల్లవాడి పేరును భాగ్యరెడ్డి అని మార్చాడు. రెడ్డి అన్న మాట రేడు నుంచి వచ్చిందనీ, అంటే పాలకుడనీ, అంటరానివాళ్లని ఇవాళ పిలుస్తున్నవాళ్లే ఒకప్పుడు ఈ నేలను ఏలారనీ ఆ గురువు వాదన. తర్వాత 1913లో ఆర్యసమాజం వర్మ అన్న బిరుదు ఇచ్చింది. పేరు వెనక ఉన్న ఈ చరిత్రను గుర్తుపెట్టుకోవాలి. మనల్ని ఎవరు ఏమని పిలవాలి అన్న ప్రశ్న ఆయనకు చివరిదాకా ముఖ్యంగానే ఉంది.

ఆయన పెరిగిన నగరం వెనకబడిన ఊరేమీ కాదు. 1887లోనే నిజాం కాలేజీ వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అక్కడ ఇంగ్లిష్‌లో చదువు చెప్పేవాళ్లు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, పాతబస్తీలోని ఫిసల్‌బండలో తన సొంత వేధశాల పెట్టుకున్నాడు. తర్వాత అదే నిజామియా వేధశాల అయింది, బేగంపేటకు మారింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ప్రపంచంలోని చాలా వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తుంటే, హైదరాబాద్ తన వంతుకు వచ్చిన భాగంలో లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి నమోదు చేసింది. భాగ్యరెడ్డి పదమూడేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు ఈ నగరానికి టెలిస్కోపు వచ్చిందన్నమాట. విజ్ఞానశాస్త్రం ఇక్కడ లేక కాదు. అది ఎవరి దొడ్లో ఉంది, దాని దగ్గరికి ఎవరు నడిచి వెళ్లగలరు అన్నదే అసలు సంగతి.

హరికథ నుంచి పలక దాకా

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టాడు. మొదట ఆయన పట్టుకున్న సాధనం హరికథ. చదువురాని జనానికి పుస్తకం ఇస్తే లాభం లేదు కాబట్టి, వాళ్లకు అలవాటైన కథాకాలక్షేపం ద్వారానే తాగుడు మానడం, బాల్యవివాహాలు ఆపడం, ఆడపిల్లల్ని జోగినులుగా వదలకపోవడం గురించి మండలి ప్రచారం చేసింది. 1911లో ఈ మండలి మాన్యసంఘంగా మారింది. మాన్యులు అంటే గౌరవించదగినవాళ్లు. ఊరు అంటరానివాళ్లని పేరు పెట్టి బయట ఉంచినవాళ్లు తమ సంఘానికి ఆ పేరు పెట్టుకున్నారు.

ఈ రెండింటి మధ్య, 1910లో, బడుల పని మొదలైంది. మూసీ వరద నగరాన్ని ముంచి అప్పటికి రెండేళ్లే. మొదటి బడులు ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో వచ్చాయి. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పారు. అవి పెరుగుతూ పోయి 1930ల మొదట్లో 26 అయ్యాయి. వాటిలో 2,500 మందికి పైగా పిల్లలు చదివారు. లెక్క వేస్తే బడికి వందమందికి కాస్త అటూ ఇటూ. పెద్ద భవనాలు ఉన్న సంస్థ కాదిది. వాడ పక్కన, పిల్లలు నడిచి రాగలిగిన చోట ఉండే చిన్న బడుల గొలుసు.

ఈ పద్ధతిలో ఉన్న ఆలోచనను విడదీసి చూద్దాం. ఒకటి, దూరం. పనికి పోయే తల్లిదండ్రుల పిల్లలు నగరం అవతలికి నడిచి వెళ్లి చదువుకోలేరు. అందుకే బడే వాళ్ల దగ్గరికి వచ్చింది. రెండు, కూర్చునే చోటు. వేరే బడిలో పిల్లవాణ్ని గడప దగ్గర కూర్చోబెడితే వాడు అక్షరాల కంటే ముందు అవమానం నేర్చుకుంటాడు. ఈ బడుల్లో మధ్య వరసలో కూర్చునే హక్కు వాడిది. మూడు, భాష. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అక్షరాలు. నాలుగు, సంఖ్య. ఒక మేధావి పిల్లవాణ్ని ఏరి పైకి తీసుకురావడం కాకుండా, వాడలో ఉన్న పిల్లలందరి కోసం పని చేయడం. ఫిజిక్స్ డిగ్రీ దాకా వెళ్లే దారికి తొలి మెట్టు ఇదే. ఎక్కాలు వచ్చిన పిల్లలు వందల్లో ఉంటేనే వాళ్లలో పదిమంది బీజగణితం దాకా వస్తారు.

అదే కాలంలో బెంగాల్లో ఏం జరిగిందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. మేఘనాద్ సాహా 1893లో ఢాకా దగ్గరి శివరతలి పల్లెలో ఒక చిన్న కొట్టు నడిపే కుటుంబంలో పుట్టాడు. వాళ్లది దళిత కులం కాదు గానీ కులీనులు చిన్నచూపు చూసే కులం. ఊళ్లో ప్రాథమిక బడి తర్వాత చదువు ఆగిపోవాల్సిందే. దగ్గరి ఊళ్లో ఒక డాక్టరు తన ఇంట్లో ఉంచుకుని తిండి పెట్టాడు కాబట్టి సాగింది. తర్వాత స్కాలర్‌షిప్‌లు ఆదుకున్నాయి. కలకత్తాలో ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్తే ఈడెన్ హిందూ హాస్టల్లో అగ్రకులాల విద్యార్థులతో కలిసి భోంచేయనివ్వలేదు. ఆయన నిలదొక్కుకుని 1920లో ప్రచురించిన అయనీకరణ సమీకరణంతోనే నక్షత్రాల వర్ణపటాన్ని చదవడం ప్రపంచానికి సాధ్యమైంది. ఒక డాక్టరు దయ, ఒక స్కాలర్‌షిప్ ఆయనకు అందాయి. అవి అందని పిల్లల పేర్లు మనకు తెలియవు. దయ మీద ఆధారపడకుండా వాడకొక బడి ఉండాలన్నదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ చేసిన పని.

ఉర్దూ పుస్తకాలు, తెలుగు పిల్లలు

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి నిజాం ఫర్మానా వచ్చింది. మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన విశ్వవిద్యాలయంగా దానికి పేరుంది, అది న్యాయమైన పేరే. 1917లోనే అనువాద విభాగం పెట్టి లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇలా ఉస్మానియాలో చదువుకున్న రజియుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జికీ, అక్కడి నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కూ వెళ్లి హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశాడు. ప్రభుత్వం తలుచుకుంటే హైదరాబాద్ పిల్లవాడు క్వాంటం సిద్ధాంతం పుడుతున్న గది దాకా వెళ్లగలడని అది రుజువు చేసింది.

కానీ ఆ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. ఇసామియా బజార్ బడిలో తెలుగులో ఎక్కాలు నేర్చుకున్న పిల్లవాడికి పై చదువు ఉర్దూలో ఉంది, నిజాం కాలేజీలో అయితే ఇంగ్లిష్‌లో ఉంది. ఇంట్లో రెండు భాషలూ ఉన్నవాళ్లకు ఇది చిన్న గడప. కూలి ఇంటి పిల్లలకు ఇది గోడ. 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లిష్‌కు మారింది. గోడ పేరు మారిందే గాని గోడ పోలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ ఫిజిక్స్ పుస్తకాలను తెలుగులో తెచ్చింది, వాటి మీద చదువుకుని లెక్చరర్లయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇవాళ డిగ్రీ సైన్స్ చాలావరకు ఇంగ్లిష్ మీడియమే. వక్రీభవనం, వివర్తనం, జడత్వ భ్రామకం అని స్కూల్లో నేర్చుకున్న అమ్మాయి మొదటి సెమిస్టర్‌లో రిఫ్రాక్షన్, డిఫ్రాక్షన్, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా దగ్గర తడబడుతుంది. ఆమెకు విషయం తెలుసు. తెలిసినట్టు ఎవరికీ కనిపించదు.

హాజరు పట్టీలో పేరు

1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభకు పెట్టిన పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా వెళ్లిన భాగ్యరెడ్డి వర్మ మొదట ఆ పేరునే ప్రశ్నించాడు. అయిదో వర్ణం అనే మాటకు ఆధారం లేదనీ, ఈ జనం ఈ నేలకు మొదటివాళ్లనీ ఆయన వాదించాడు. సభ ఆది ఆంధ్ర అన్న పేరును స్వీకరించింది. తర్వాత మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లను గుర్తించింది. హైదరాబాద్‌లో ఆయన 1921లో మాన్యసంఘాన్ని ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మార్చాడు. పదేళ్ల తర్వాత, 1931 జనాభా లెక్కల్లో, నిజాం ప్రభుత్వం మాల, మాదిగ తదితర కులాలను ఆది హిందువులుగా నమోదు చేసింది. అదే ఏడాది ఆయన భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టాడు.

నక్షత్రాలన్నింటికీ పట్టికలో ఒక్కో సంఖ్య ఇచ్చిన నగరంలో, తమకు తాము ఎంచుకున్న పేరుతో లెక్కల్లోకి ఎక్కడానికి ఆ మనుషులకు 1931 దాకా పట్టింది. లెక్కల్లో పేరు ఎందుకంత ముఖ్యమని కొందరు విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. లెక్కలో లేనివాళ్లకు బడ్జెట్ ఉండదు, సీటు ఉండదు, స్కాలర్‌షిప్ ఉండదు. ఇవాళ ఏ డిపార్ట్‌మెంట్లో ఎంతమంది ఎస్సీ విద్యార్థులు చేరారు, ఎంతమంది మూడో ఏడాది దాకా నిలిచారు, ఎంతమంది ఎమ్మెస్సీకి వెళ్లారు అన్న లెక్క బయటపెట్టమని అడగడం ఆ పోరాటానికి కొనసాగింపే. చేరినవాళ్ల లెక్క చెప్పి, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల లెక్క దాచితే సగం నిజమే చెప్పినట్టు.

1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయన అధ్యక్షత వహించాడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన కులాల తరఫున మాట్లాడే ప్రతినిధిగా బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను ఆ సభ బలపరిచింది. వాడ బడితో మొదలైన మనిషి అప్పటికి దేశం మొత్తం మీద ప్రాతినిధ్యం గురించి మాట్లాడుతున్నాడు. అయినా బడులు వదిలిపెట్టలేదు.

పరిమితులు కూడా చెప్పుకోవాలి

జయంతి ఉపన్యాసాల్లో వదిలేసే విషయాలు కొన్ని ఉన్నాయి. సోషల్ సర్వీస్ లీగ్ అధ్యక్ష స్థానంలో రాయ్ బాల్‌ముకుంద్ వంటి అగ్రకుల పెద్దలు ఉన్నారు. కార్యదర్శిగా పనంతా భాగ్యరెడ్డి వర్మ మోశాడు. ఆ పెద్దల పలుకుబడి లేకుండా నిజాం రాజ్యంలో సభలు పెట్టడం, బడులు నడపడం కష్టమయ్యేది. అదే సమయంలో, ఆ ఆసరా ఉద్యమానికి కొన్ని హద్దులు గీసింది. ఆర్యసమాజం వైపు, శాకాహారం వైపు, ఆచారాల సంస్కరణ వైపు ఆయనకున్న మొగ్గు అందరికీ నచ్చలేదు. అరిగె రామస్వామి వంటి సమకాలీన నాయకులతో విభేదాలు వచ్చాయి. మాల, మాదిగల మధ్య ఐక్యత ప్రశ్న అప్పుడూ తేలలేదు. ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం.

అయితే ఒక విషయంలో ఆయన దారి స్పష్టంగా ఉంది. 1930ల్లో ఆ బడులు ప్రభుత్వ విద్యాశాఖ కిందికి వెళ్లాయి. చందాలతో నడిచే బడి ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వ బడికి ఉపాధ్యాయుడి జీతం ఖజానా నుంచి వస్తుంది. సమాజం ముందు చేసి చూపించి, ఆ తర్వాత ఇది నీ బాధ్యత అని రాజ్యం చేత ఒప్పించడం ఆ పనిలో కనిపించే క్రమం. ఇవాళ స్వచ్ఛంద సంస్థలు ఇచ్చే నాలుగు స్కాలర్‌షిప్‌లను చూపించి ప్రభుత్వం తన బాధ్యత తగ్గించుకుంటున్నప్పుడు ఈ క్రమాన్ని గుర్తుచేయాలి.

ఆయన తర్వాతి మెట్లు

1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్ల వయసులో, భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశాడు. అదే ఏడాది డిసెంబరులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. ఆయన బడుల్లో అక్షరాలు నేర్చుకున్న తరం ఆ భవనంలోకి వెళ్లాలంటే మధ్యలో హాస్టల్, ఫీజు, పుస్తకాలు కావాలి. ఆ మెట్లు వేరేవాళ్లు వేశారు.

1944లో, వైస్రాయ్ కౌన్సిల్లో అంబేడ్కర్ సభ్యుడిగా ఉన్న కాలంలో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ మన డిగ్రీ ఫీజులు కట్టే పథకానికి మూలం అదే. హైదరాబాద్ రాజ్యంలో, సికింద్రాబాద్ ఘాస్‌మండి నుంచి వచ్చిన బి.ఎస్. వెంకట్రావు చివరి నిజాం మంత్రివర్గంలో విద్యామంత్రిగా చేశాడు. అణగారిన కులాల చదువుల కోసం కోటి రూపాయల నిధి సాధించడం ఆయన పేరు మీద నిలిచిన పని. 1950లో అంబేడ్కర్ ఔరంగాబాద్‌లో స్థాపించిన కాలేజీ తర్వాత మిలింద్ మహావిద్యాలయమైంది. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఆ కాలేజీ ఉస్మానియాకు అనుబంధంగా నడిచింది. అంటే, అంబేడ్కర్ తన సొంత చేత్తో కట్టిన కాలేజీ విద్యార్థుల పట్టాల మీద మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. 1953 జనవరిలో అదే ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇప్పుడు ఏ మెట్టు విరిగింది?

మూసీకి ఒక ఒడ్డున, హైకోర్టు పక్కన, విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన భవనంలో సిటీ కాలేజీ ఉంది. అవతలి ఒడ్డున, ఇసామియా బజార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కోఠి మహిళా కళాశాల ఉండేది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. రెండు చోట్లా డిగ్రీ సైన్స్ ఉంది. భాగ్యరెడ్డి వర్మ మొదటి బడి పెట్టిన గల్లీ నుంచి ఒక దళిత అమ్మాయి ఇవాళ కాలినడకన ఫిజిక్స్ ల్యాబ్‌కు వెళ్లగలదు. దూరం అన్న అడ్డంకి, కనీసం ఈ బస్తీలో, తీరింది. మిగతావి తీరలేదు.

మొదటిది డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మంజూరు కావడం వేరు, చేతికి రావడం వేరు. బకాయిలు పేరుకుపోతే కాలేజీ యాజమాన్యాలు సర్టిఫికెట్లు పట్టుకుంటాయి. పీజీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది. ఏడాది పోయిన పిల్లవాడు మళ్లీ ఫిజిక్స్ వైపు రావడం అరుదు, ఏదో ఒక ఉద్యోగంలో చేరతాడు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించేలా నిర్ణయించింది. వాటాలు కాగితం మీద స్పష్టంగా ఉన్నాయి. విద్యార్థి ఖాతాలోకి ఏ నెలలో పడుతుందో ఆ స్పష్టత లేదు.

రెండోది ప్రతిభ పేరిట పెట్టిన కొలత. బేసిక్ సైన్స్ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేల రూపాయలు. అది ప్రధానంగా ఇంటర్ బోర్డు ఫలితాల్లో పైన ఉన్న ఒక శాతం మందికి. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల పోటీలో ఆ ఒక శాతం ఎవరితో నిండుతుందో అందరికీ తెలుసు. సంక్షేమ హాస్టల్లో ఉండి, సరైన ల్యాబ్ చూడకుండా ఎంపీసీ పాసైన విద్యార్థికి ఆ డబ్బు అందరికంటే ఎక్కువ అవసరం, అందడం అందరికంటే కష్టం.

మూడోది, కంటికి కనిపించనిది, సమాచారం. ఎమ్మెస్సీకి ఐఐటీలు, ఐఐఎస్సీ తలుపు తీసే జామ్ పరీక్షలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు సగమే, సీట్లలో రిజర్వేషన్ ఉంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌తో డిగ్రీ విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. టాటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రం హైదరాబాద్‌లో గోపన్‌పల్లి దగ్గరే ఉంది. ఇవన్నీ ఉన్నాయని తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లు మొదటి ఏడాది నుంచే సిద్ధమవుతారు. మనవాళ్లకు మూడో ఏడాది చివర, గడువు అయిపోయాక తెలుస్తుంది. సిఫారసు లేఖ అడగాలంటే లెక్చరర్‌తో పరిచయం కావాలి. ఆ పరిచయం ఎవరికి సులభంగా దొరుకుతుంది అన్నది కులంతో ముడిపడిన ప్రశ్నే.

నాలుగోది, లోపలికి వెళ్లాక జరిగేది. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి, పందులు పెంచే పన్నియాండి కులం నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పీహెచ్‌డీలో చేరాడు. గైడ్ కేటాయింపు జరగలేదు. కోర్సువర్క్‌లో ఒక పేపర్ మిగిలింది, ఫెలోషిప్ ఆగింది. 2008 ఫిబ్రవరిలో హాస్టల్లో చనిపోయాడు. ఆ తర్వాత విశ్వవిద్యాలయం వేసిన వినోద్ పావరాల కమిటీ, గైడ్ల కేటాయింపులో, కోర్సువర్క్‌లో నియమాలు స్పష్టంగా లేవనీ, ఆ అస్పష్టత భారం ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద పడిందనీ చూపింది. రోహిత్ వేముల పేరు దేశమంతా మోగడానికి ఎనిమిదేళ్ల ముందు, అదే క్యాంపస్‌లో, ఒక ఫిజిక్స్ విద్యార్థి ఇలా వెళ్లిపోయాడు. సీటు దొరికింది, చోటు దొరకలేదు.

మనం అడగాల్సినవి

భాగ్యరెడ్డి వర్మ బడుల పద్ధతిని ఇవాళ్టి ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకు అన్వయిస్తే డిమాండ్లు వాటంతట అవే బయటికి వస్తాయి. స్కాలర్‌షిప్ బకాయి ఉన్నంత కాలం ఏ కాలేజీ సర్టిఫికెట్ ఆపకూడదు. మొదటి సెమిస్టర్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు లెక్కలు, ఇంగ్లిష్ పరిభాష, ల్యాబ్ పని నేర్పే వంతెన తరగతులు టైంటేబుల్లోనే ఉండాలి, సాయంత్రం ఎవరో దయతో చెప్పేవి కాకూడదు. స్పెక్ట్రోమీటర్ దగ్గర రీడింగ్ తీసేది ఎవరు, పక్కన నిలబడి రికార్డ్ రాసుకునేది ఎవరు అన్నది లెక్చరర్ గమనించాలి, వంతులవారీగా అందరి చేతా చేయించాలి. ప్రాజెక్టు, గైడ్, ఇంటర్నల్ మార్కుల నియమాలు ముందే రాసి గోడ మీద అంటించాలి. చేరినవాళ్ల, నిలిచినవాళ్ల, వెళ్లిపోయినవాళ్ల లెక్కలు ఏటా బయటపెట్టాలి.

ప్రభుత్వం ఇవన్నీ ఇచ్చేదాకా మనం చేయాల్సిన పని కూడా ఉంది. జామ్ దరఖాస్తు ఎప్పుడు, వేసవి ఫెలోషిప్‌కు ఏం రాయాలి, ఎవరిని లేఖ అడగాలి అన్నవి చెప్పడానికి పీజీలో, పీహెచ్‌డీలో ఉన్న మనవాళ్లు వారానికి ఒక సాయంత్రం సంక్షేమ హాస్టళ్లకు వెళ్లవచ్చు. 1910లో ఇసామియా బజార్‌లో తెరిచిన బడి కూడా ముందు అలాంటి ఏర్పాటే. ఫర్మానా కోసం ఎదురుచూడకుండా మొదలైంది, నడిచి చూపించింది, ఆ తర్వాతే ప్రభుత్వం తీసుకుంది. వచ్చే మే 22న చిత్రపటానికి మాల వేసే ప్రతి విద్యార్థి సంఘం, తన కాలేజీలో మొదటి ఏడాది ఫిజిక్స్‌లో చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పేర్లు తెలుసుకుని, వాళ్లలో ఎవరు ఇంకా తరగతికి వస్తున్నారో కనుక్కుంటే బాగుంటుంది.